గీతకు గోరంత కింద

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. దాన్ని పలికేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు. మేకలున్న ప్రతి ఇంట్లోనూ ఆమె మందక్కే. పండు ముసలివాళ్ళకూ మందక్కే, మాటలు రాని పసివాళ్ళకూ మందక్కే. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా సరదాకి "మందక్కా" అని పిలిచి, ఆమె గుడ్లురిమితే నవ్వేసేవాడు.

మేకలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోయడం ఆమె పని. ఆ, అదేం పనిలే అనుకునేవాళ్ళు ఒక్క మేకకు పోసి చూడాలి. మేక మింగని వస్తువంటూ లోకంలో లేదు. కాగితం మింగుతుంది, గోనెసంచి మింగుతుంది, ఆరేసిన చొక్కా గుండీలతో సహా మింగుతుంది. మందు మాత్రం మింగదు. దాని పెదవి పక్కన వేలు దూర్చి, బుగ్గలోకి సూదిలేని పెద్ద సిరంజి పెట్టి, నాలుక వెనక్కి జారేలా మెల్లగా ఒత్తాలి. తల మరీ ఎత్తకూడదు, తొందర అసలే కూడదు. మూడు నెలలకోసారి ఇరవై రెండు కొట్టాలు తిరిగి మందక్క ఆ పని చేసేది.

మందు కొలత మేక బరువును బట్టే, అయినా ఆమెకు కాటాతో పని లేదు. మేకను రెండు చేతులా పైకెత్తి, ఓ క్షణం కళ్ళు మూసుకుని "పంతొమ్మిది" అనేది. నమ్మకం లేని పెద్దమనిషి ఒకాయన ఓసారి ఆ మేకను వేలాడే కాటాకు కట్టి చూశాడు. పంతొమ్మిదిన్నర. ఆ అరకిలో తేడాకే ఆమె రెండు రోజులు మొహం మాడ్చుకు తిరిగిందంటారు. పైగా ఆమె మందు పోసిన మేక ఆ పూట కూడా మేత మానేది కాదు, పాలు తగ్గేవి కావు. ఆమెది చల్లని చెయ్యి అని అందరూ మెచ్చుకునేవారు. అనేవాళ్ళకేం, నోటికొచ్చింది అంటారు. అసలు సంగతి ఆ చేతికే తెలుసు.

అత్తగారి దగ్గర పని నేర్చుకుంటున్న మొదటి ఏడు, రెండు నెలల మేకపిల్లకు పోస్తుంటే మందు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయింది. అది మూడుసార్లు తడిగా దగ్గి ఆమె ఒళ్ళోనే తల వాల్చేసింది. తప్పు నీ తొందరదే గాని మందు ఎక్కువై కాదని అత్తగారు అక్కడికక్కడే చెప్పింది. ఆ మాట బుద్ధికి ఎక్కింది, చేతికి ఎక్కలేదు. ఆ తరువాత ఎప్పుడు సీసాలోంచి సిరంజిలోకి మందు లాగినా చెవిలో ఆ దగ్గు వినపడేది. సిరంజి మీద బరువుకు తగ్గ గీత ఇంకా గోరంత దూరం ఉండగానే చెయ్యి ఆగిపోయేది. పాపం, చిన్న ప్రాణం, ఇది చాల్లే అనుకునేది. అలా ముప్ఫై ఏళ్ళు అనుకుంది.

ఈ ఏడు వానలు తగ్గాక చెల్లెలి కొట్టంలో మొదలైంది. చెల్లెలికి భర్త పోయాక నలభై మేకలే ఆధారం. అక్క తప్ప ఇంకొకళ్ళు మందు సీసా పట్టుకుని గడప తొక్కితే ఒప్పుకునే మనిషి కాదు. మేకలు మందకు వెనకబడసాగాయి. ఒక్కో దాని దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. రెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు, కడిగిన పింగాణీలా తెల్లగా ఉంది. కడుపులో నట్టలు రక్తం తాగేస్తున్నాయని చూడగానే మందక్కకు అర్థమైంది. ఉన్నపళాన అన్నిటికీ మందు పోసింది. అయినా మేకలు చావడం ఆగలేదు.

పశువుల డాక్టరు వచ్చి, మందక్క చేతే ఇంకోసారి మందు పోయించి, అది పోయకముందు పెంటికలు, పోసిన పన్నెండు రోజులకు పెంటికలు తీసుకెళ్ళి పరీక్ష చేశాడు. నట్టల గుడ్లు అప్పుడెన్నో ఇప్పుడూ దాదాపు అన్నే ఉన్నాయి. చుట్టుపక్కల మేకలవాళ్ళందర్నీ ఆ కొట్టం ముందే కూర్చోబెట్టి ఆయన విడమరిచి చెప్పాడు. మందు గోరంత తగ్గినా చచ్చేవి చస్తాయి, మొండివి మిగుల్తాయి. మిగిలినవి గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు పెంటికలతో గడ్డిలో పడతాయి, ఆ గడ్డినే మేకలు మళ్ళీ మేస్తాయి. ఏళ్ళ తరబడి ఎవరో తగ్గించి పోస్తున్నారు, పాముకు పాలు పోసి పెంచినట్టు నట్టల్ని పెంచారు అన్నాడు. ఎవరో అన్నాడే గాని ఎవరికేసీ చూడలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మందక్క కుడిచెయ్యి దానంతటదే కొంగు కిందికి పోయింది.

వేరే రకం మందు ఒకటుంది, తెప్పిస్తానన్నాడు డాక్టరు. రెప్ప తెల్లబడ్డవాటికే పోయాలి, కాటా వేసి నిండు కొలత పోయాలి. ఇది కూడా చెడగొట్టుకుంటే తన దగ్గర ఇంకో మందు లేదని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి మందక్కకు మనశ్శాంతి లేదు. ఇన్నేళ్ళూ సిరంజి పట్టినప్పుడే దగ్గిన పిల్ల ఇప్పుడు అంట్లు తోముతున్నా దగ్గుతోంది. దారిన నడుస్తుంటే వెనక గిట్టల చప్పుడు. తిరిగి చూస్తే ఖాళీ దారి. బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళ రెప్పలకేసి చూడబోయి తిట్లు తింది. అన్నం తింటున్న మొగుడి గడ్డం పట్టుకుని రెప్ప కిందికి లాగింది. "నాలో నట్టలెక్కడివే, నన్ను తినేదానివి నువ్వొక్కదానివేగా" అన్నాడాయన. ఎప్పుడూ నవ్వే మాటే. ఆమె నవ్వలేదు.

ఒకనాడు పట్టపగలు వంటింటి గుమ్మంలో మేకలు కనిపించాయి. చెల్లెలి కొట్టంలో చచ్చినవే. ఒకదాన్నొకటి ఆనుకుని, దవడల కింద సంచులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. ఆమె మొహంకేసి కూడా చూడటం లేదు, కుడిచేతినే చూస్తున్నాయి. ఆమెకు భయం వేసింది. భయం కన్నా ఎక్కువ సిగ్గేసింది. చెయ్యి వెనక్కి దాచుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఏవీ లేవు.

ఆ వారమే చెల్లెలు ఫోను చేసింది. కొత్త మందు వచ్చింది, నువ్వే వచ్చి పోయాలి అని. అప్పటికి పదమూడు పోయాయి, ఇరవై ఏడు మిగిలాయి, అందులో పధ్నాలుగింటికి రెప్పలు తెల్లబడ్డాయి. మందక్క ఎటూ తేల్చుకోలేకపోయింది. మళ్ళీ చెయ్యి ఆగిందా, చెల్లెలి బతుకు బజారున పడుతుంది. నిజం చెప్పిందా, తోడబుట్టినదని మిగిలిన ఒక్కర్తీ దూరమవుతుంది. చెప్పకుండా పోసి వచ్చేద్దామనే బయల్దేరింది.

చెల్లెలు మొదటి మేకను కాటాకు కట్టి ఇరవై ఒకటి అని చదివింది. మేకను దింపి, మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. మందక్క సిరంజి సీసాలో ముంచి లాగింది. మందు సగానికి వచ్చేసరికి తడిగా దగ్గు వినపడింది. లాగిన మందంతా తిరిగి సీసాలోకే వదిలేసి, సిరంజి గట్టు మీద పెట్టేసింది.

"తగ్గించి పోసింది నేనేనే," అంది. "డాక్టరు చెప్పిన మనిషిని నేనే. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. నీ పదమూడు మేకల్నీ నా చేత్తోనే చంపాను."

చెల్లెలు మేక మెడ నిమిరింది. తిడుతుందేమోనని మందక్క చూసింది. కొట్టినా బావుణ్ణనుకుంది.

"నాకు తెలుసక్కా," అంది చెల్లెలు.

మందు గీత దాకా రావడం లేదని పదేళ్ళ నుంచీ చూస్తూనే ఉందట. అక్కకు చూపు ఆనడం లేదనుకుందట. ఆ మాట బయటికి పొక్కితే పిలిచేవాళ్ళుండరని, అక్క పని పోతుందని ఎవరి చెవినా వెయ్యలేదట. మేకలు ఒక్కొక్కటే పోతున్నప్పుడూ, డాక్టరు అందర్నీ కూర్చోబెట్టి చెప్పిన రోజునా నోరు విప్పలేదు.

"అంటే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను," అంది.

మందక్కకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. తన మీద, చెల్లెలి మీద, చల్లని చెయ్యన్న ప్రతి నోటి మీద కోపం వచ్చింది. ఒక్క మాట అని ఉంటే ఏం పోయేదే అని అడగబోయి ఆగింది. అడిగే మొహమా తనది? తెల్ల రెప్పల మేక తల వాల్చేస్తోంది. సిరంజి తీసుకుని మళ్ళీ సీసాలో ముంచింది. మందు పైకి వచ్చింది. దగ్గు వినపడింది. చెయ్యి గీతకు గోరంత కింద, ఎప్పుడూ ఆగేచోటే ఆగింది.

చెల్లెలు మేకను వదలకుండానే మెడ చాచి సిరంజికేసి చూసింది.

"రాలేదక్కా. ఇంకొంచెం లాగు."