దుల్కీ మీద కూర్చోవడం

మా అమ్మాయికి ఏడేళ్ళు. గుర్రం ఎక్కుతానని అది అడిగిన రోజు నేను వద్దనలేదు. వద్దంటే ఏడుస్తుందని, "ముందు నేను నేర్చుకుంటాను, ఆ తర్వాత నువ్వు" అన్నాను. వాయిదా వేయడానికి నాకు తోచిన మాట అది. పెద్దవాళ్ళయితే ఆ మాటలో ఉన్న 'లేదు' పట్టుకునేవారు. అది పట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే నన్ను తట్టి లేపి, "పద, నేర్చుకోవూ?" అంది.

మేం ఫిల్మ్ నగర్‌లో అద్దెకుంటాం. మా ఇంటి వెనక ఇంకా ఇళ్ళు లేవలేదు. బండలు పగలగొట్టి చదును చేసిన స్థలం, హద్దురాళ్ళు, దూరంగా స్టూడియో గోడ. షేక్‌పేటలో ఉండే ఒక పెద్దాయన తన మూడు గుర్రాలనూ పొద్దున్నే అక్కడికి తెచ్చి తిప్పుతాడు. వాటిని పెళ్ళి ఊరేగింపులకీ షూటింగులకీ కిరాయికిస్తాడు. మావారు కెమెరా అసిస్టెంటు కాబట్టి ఆయన మాకు తెలుసు. యూనిట్‌లో అందరూ పిలిచినట్టే మేమూ ఆయన్ని చాచా అంటాం. పిల్ల ఆశపడింది ఆ గుర్రాల మీదే.

నా భయం సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి ఏడో నెలలో పుట్టింది. మొదట్లో కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంది. నేను బయటినుంచి చూడటమే. ఇంటికి తెచ్చుకున్నాక మొదలైన కాపలా ఇప్పటికీ ఆగలేదు. స్కూలు ఆటో మలుపు తిరిగితే నాకు సరిపోదు, మలుపుదాకా నడిచి వెళ్ళి అది జూబ్లీహిల్స్ రోడ్డెక్కిందని చూస్తే గానీ కాళ్ళు ఇంటివైపు తిరగవు. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. అందులో నాకిప్పుడు బాగా గుర్తున్నదల్లా ఎంత ఎత్తునుంచి పడితే ఎంత వేగం వస్తుందనే లెక్క.

మొదటి ఆదివారం పిల్ల ఒక బండ మీద కూర్చుంది, నేను గుర్రం మీద. ఎర్ర గుర్రం, వయసు మళ్ళింది. నడిపించినంతసేపూ బాగానే ఉంది. ఆ తర్వాత చాచా పొడుగాటి తాడు పట్టుకుని మధ్యలో నిలబడి, నాలుక టక్కుమనిపించి గుర్రాన్ని తన చుట్టూ తిప్పాడు. నడకకీ పరుగుకీ మధ్య, టకటకమని రెండేసి అడుగుల తాళంలో గుర్రం పోయే తీరుని ఆయన దుల్కీ అంటాడు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. పైన కూర్చున్నవాళ్ళకి మాత్రం గతుకుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆఖరి సీటు.

నేను తయారయ్యే వచ్చాననుకున్నాను. సినిమాల్లో హీరో గుర్రం మీద పోతుంటే దగ్గరగా చూపిస్తారు కదా, భుజాలు పైకీ కిందికీ ఊగుతాయి, జుట్టు ఎగురుతుంది. స్వారీ అంటే అలా ఎగరడమే అనుకుని ముందురోజు మధ్యాహ్నం సోఫా చేతి మీద దిండు వేసుకుని, తలుపు గడియ పెట్టుకుని సాధన చేశాను. అదే ఇప్పుడు జీను మీద చేశాను.

చాచా గుర్రాన్ని ఆపేశాడు. "ఏం జేస్తున్నవమ్మా?"

"స్వారీ, చాచా."

"గుర్రం ఎగిరేస్తనే ఉంది గద. మళ్ల నువ్వెందుకు ఎగురుతున్నవ్?"

ఆ సాయంత్రం నడుముకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ జరిగింది చెబితే మావారు అడిగారు.

"అలా ఎగరడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"మీ సినిమాల్లోనే."

ఆయన చేతిలో కంచం కింద పెట్టి మరీ నవ్వారు. "అది గుర్రం కాదే. జీపు వెనక డ్రమ్ముకి జీను కట్టి హీరోని కూర్చోబెడతాం. ఎదురుగా కెమెరా. డైరెక్టరుగారు 'ఎగరండి సార్, ఇంకొంచెం ఎగరండి' అంటూ ఉంటారు. మొన్న డ్రమ్ము కదలకుండా పట్టుకుంది నేనే."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు గుర్రం ఎక్కుతావని నేనేమైనా కలగన్నానా?"

ఎగరడం మానేశాను. దాని బదులు పట్టుకోవడం మొదలుపెట్టాను. మోకాళ్ళతో జీనుని నొక్కిపట్టి, పళ్ళు బిగించి, ఊపిరి లోపలే ఉంచుకుని కూర్చునేదాన్ని. నొక్కినకొద్దీ గుర్రం నన్ను ఇంకా పైకి విసిరేది. అలా మూడు ఆదివారాలు గడిచాయి. మూడో ఆదివారం చాచా, "గట్టిగ పట్టుకుంటున్నవమ్మా, గందుకే దెబ్బలు" అన్నాడు. నేను వెంటనే, "నాకు రాదులే చాచా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు దిగులు కలగలేదు, తేలిగ్గా అనిపించింది.

ఎందుకో తెలుసుకోవడానికి ఇంటిదాకా నడవాల్సి వచ్చింది. నాకు రాకపోతే పిల్లకీ లేనట్టే. మాట తప్పక్కర్లేదు, వద్దని చెప్పి ఏడిపించక్కర్లేదు, గుర్రమే నా తరఫున కాదంటుంది. నా పక్కన నడుస్తూ అది అంది, "నీకు వచ్చేస్తుందిలే అమ్మా. ఇవాళ రెండుసార్లే అమ్మో అన్నావు." ఏ ఆదివారం ఎన్నిసార్లు అన్నానో బండ మీద కూర్చుని లెక్కపెడుతోందట. నాకు సిగ్గేసింది. వచ్చే వారం నిజంగా నేర్చుకోవాలనుకున్నాను.

ఆ వారం చాచా జీనుకి వేలాడే రికాబులు రెండూ విప్పేశాడు. పాదాలకి ఆనుకోవడానికి ఏమీ లేదు. కాళ్ళు బరువుగా కిందికి వేలాడేయమన్నాడు. గుర్రం దుల్కీ అందుకుంది. నేను మళ్ళీ బిగుసుకున్నాను.

"ఇయ్యాల ఏం వండుతున్నవమ్మా?" అన్నాడు మధ్యలోనుంచి.

"గోంగూర పప్పు."

"ఎట్ల జేస్తవ్? చెప్పు. ఆపకుండ చెప్పు."

"కంది... పప్పు... ముందు... కడిగి..." ఒక్కో అదురుకీ ఒక్కో ముక్కగా ఊడిపడుతున్నాయి మాటలు.

"కడిగి?"

"కుక్కర్లో... పెట్టి... ఆకు వేరేగా మగ్గబెట్టి..." ఊపిరి బిగబట్టి మాట్లాడటం ఎవరికీ కుదరదు. మాట కోసం ఊపిరి వదలాల్సి వచ్చింది, ఊపిరితోపాటు భుజాలు దిగాయి. "పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, ఉప్పు వేసి మెదిపి, పోపు పెడతాను చాచా. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ..."

"ఇంగువా? అందుకనే మీ ఆంధ్రోళ్ల పప్పు దవాఖాన వాసనొస్తది."

"మీరు తిని చెప్పండి, తినకుండా మాట్లాడకండి."

నవ్వొచ్చింది. నవ్వుకి నా పొట్ట వదులైంది, నడుము వదులైంది. ఒక్కసారిగా కింద దెబ్బలు ఆగిపోయాయి. గుర్రం అంతకుముందులాగే పోతోంది, దాని వీపు అలాగే లేచి పడుతోంది. కానీ నా కుడి తుంటి ఒకసారి దిగుతోంది, ఎడమది ఒకసారి, అది ఊగిన వైపుకే. ఇన్నాళ్ళూ ఆ కదలికకి నేను అడ్డం నిలబడ్డాను. ఇప్పుడు దారి ఇచ్చాను. పట్టు వదిలితే పడిపోతాననుకున్నదాన్ని, వదిలాకే జీనుకి అతుక్కున్నాను. రెండు చుట్లు తిరిగాక మళ్ళీ బిగుసుకున్నాను, మళ్ళీ వదిలాను. ఆ రోజంతా అలాగే, వస్తూ పోతూ.

ఇంకో రెండు ఆదివారాలకి మాటలు లేకుండానే కూర్చోగలిగాను. నేను దిగగానే పిల్ల బండ మీదినుంచి లేచి వచ్చి గుర్రం పక్కన నిలబడింది. నేనే చాచాతో, "దాన్ని ఎక్కించండి" అన్నాను.

నేను పక్కనే దాని పాదం పట్టుకుని పరుగెత్తుతానన్నాను.

"గట్ల ఉరికితే గుర్రం బెదురుతదమ్మా. నువ్వు నా తాన నిలబడు."

ఆయన పక్కన, చేతులు ఖాళీగా, నిలబడ్డాను. మొదట నడక. పిల్ల నావైపు చూసి చెయ్యి ఊపింది. ఆయన నాలుక టక్కుమంది. దుల్కీ. దాని రెండు జడలూ ఎగిరాయి, అదీ ఎగిరింది, ఎడమవైపుకి జారింది. నా కాలు ముందుకు పడింది, అక్కడే ఆగాను. ఆ జారుడు నాకు తెలుసు. అది ఎక్కడ మొదలవుతుందో, ఒంట్లో ఏ చోట సర్దుకుంటే ఆగుతుందో నాకిప్పుడు తెలుసు. పిల్ల జీను ముందు భాగం పట్టుకుని నిదానంగా మధ్యకి వచ్చింది. అప్పుడు నేను ఊపిరి వదిలాను. నాకు వారాలు పట్టిన పని దానికి నాలుగో చుట్టుకల్లా వచ్చేసింది, చక్కగా కూర్చుని ఉంది. కొంచెం ఉక్రోషం కూడా వచ్చిందని ఒప్పుకోవాలి.

దిగాక అది నన్ను దాటి చాచా దగ్గరికి వెళ్ళింది. "మళ్ళీ ఎప్పుడు?"

"మీ అమ్మనడుగు బేటీ."

ఇద్దరూ నావైపు తిరిగారు. దాని మోకాలి దగ్గర ప్యాంటు కొద్దిగా చిరిగి ఉంది. లోపల చర్మం కందిందేమో ఇంటికి వెళ్ళాక చూద్దామనుకున్నాను.

"రేపు స్కూలుంది" అన్నాను. "ఆదివారం."