సోమవారం వచ్చే మూర్ఛ

ఖరగ్‌పూర్‌లో మెడికల్ విద్యార్థులకు నేను చెప్పేది సగం మానవీయ శాస్త్రాలు, సగం వైద్య ఆర్థిక శాస్త్రం. అనాటమీ క్లాసులో కళ్లు పత్తికాయల్లా చేసుకుని కూర్చునే పిల్లలు నా క్లాసులో హాయిగా కునుకు తీస్తారు. నేను ఊరుకునే రకం కాదు, ప్రశ్న నిద్రపోతున్నవాళ్లనే అడుగుతాను. నా పాఠం రోగికి పనికొస్తుందన్న విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు.

ఆ ఏడు ఒకమ్మాయి మాత్రం నిద్రపోకుండా వాదించేది. ఐఐటీ ఉన్న హిజ్లీలో, ప్రొఫెసర్ల క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగు పిల్ల. ఒకరోజు తను చూసిన కేసు క్లాసులో చెప్పింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఉండే ఒక తెలుగు క్రైస్తవ కుటుంబపు పెద్దావిడకు మూర్ఛ జబ్బు. మాత్రలు వాడుతున్నా తగ్గడం లేదు, వస్తే సోమవారమే వస్తోంది.

“మందు మార్చాలి మేడమ్. ఖరీదెక్కువే, కానీ తప్పదు.”

“వచ్చినప్పుడల్లా సోమవారమే అంటున్నావు. ఎందుకు?”

“అది యాదృచ్ఛికం.”

నాకు ఒళ్లు మండింది. “ఆ ఖరీదైన మందు కొంటే వాళ్లింట్లో ఏది మానుకోవాల్సి వస్తుందో, ఆ సోమవారం సంగతేమిటో, రెండూ కనుక్కుందాం పద” అన్నాను. మూతి ముడుచుకునే నాతో బయల్దేరింది.

చిన్న రైల్వే క్వార్టర్. పెద్దావిడ భర్త వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి పోయాడు, ఇప్పుడు కొడుకు అక్కడే చేస్తున్నాడు. కోడలి ఒళ్లో పసిపాప ఉంది. పెద్దావిడ మంచానికి ఆ చివర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“పాపనెత్తుకోనివ్వరు సెల్లీ. పడిపోతే ఏటవుద్దని బయం. ఆల్ల బయం తప్పని అన్ను” అంది నాతో. పాపకేసి చూస్తూనే అంది.

నా విద్యార్థిని గొంతు తగ్గింది. “మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకుంటారమ్మా?”

“వర్క్‌షాపు సైరన్ కూసినప్పుడు. పొద్దున్నోటి, సాయంత్రమోటి. మా ఆయన డూటీకెల్లినప్పట్నించీ అదే అలవాటు.”

“మరి ఆదివారం?”

“ఆదివారం సైరనెక్కడుంటాదమ్మా!”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఆదివారం మాత్రలు పడటం లేదు, సోమవారం గుట్టు అదీ. తనే అడిగింది. “ఆదివారం మీ చర్చిలో గంట కొడతారు కదా?”

“పొద్దున్న ఆరాధనకీ, సాయంత్రం ప్రార్థనకీ కొడతారు.”

“అయితే ఆదివారం ఆ గంటకి వేసుకోండి.”

“పండగ సెలవులకి నేను గుర్తుసేస్తాను” అంది కోడలు.

ఆస్పత్రిలో ఆ అమ్మాయి పెద్ద డాక్టరుతో మాట్లాడింది. ఆయన మందు మార్చకుండా కొన్నాళ్లు చూద్దామన్నాడు. తర్వాతి క్లాసులో ఆ పాఠం తననే చెప్పమన్నాను. ఒక్కడూ కునుకు తీయలేదు. నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

కొన్ని నెలలు గడిచినా మూర్ఛ రాలేదు. ఒక సోమవారం మేమిద్దరం మళ్లీ వెళ్లాం. పెద్దావిడ మాకు కుర్చీలు వేసి, తను మళ్లీ ఆ మంచం చివరే కూర్చుంది. పాప సంగతి అడగాలా వద్దా అని నేను తటపటాయిస్తున్నాను. ఇంతలో వంటింట్లోంచి కోడలు గబగబా వచ్చింది. మమ్మల్ని పలకరించనైనా లేదు.

“కాసింత పట్టుకో అత్తా, పప్పు మాడిపోతంది” అని పాపను అత్త ఒళ్లో పడేసి లోపలికి పరిగెత్తింది.