నైటీ మీద చున్నీ

“జీన్స్, టీషర్ట్ వేసెయ్, అయిపోతుంది” అన్నాడు మా ఆయన, మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని. ఆ మ్యూట్ ఎంతసేపు ఉంటుందో ఆయనకే తెలీదు కాబట్టి నాకు ఇచ్చే సలహాలన్నీ అంత పొట్టిగానే ఉంటాయి.

ఆ జీన్స్ నాకు కాదు, నేను గీస్తున్న బొమ్మకి. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ కంపెనీలో నాలుగేళ్ళు దేవుళ్ళకి బట్టలూ నగలూ గీశాను. మొహాలు సీనియర్లు గీసేవారు, నావి కిరీటాలు, వడ్డాణాలు, పట్టుపంచెలు. తర్వాత పెళ్ళి, డిపెండెంట్ వీసా, అమెరికాలో డాలస్ పక్కన కాపెల్ అనే ఊరు. ఇక్కడ ఏడేళ్ళు ఏ ఫారం నింపినా వృత్తి అన్న గడిలో హోమ్‌మేకర్ అని రాశాను. రాసిన ప్రతిసారీ పెన్ను కొంచెం గట్టిగానే నొక్కాను.

పోయినేడు నేను కూడా పని చేసుకోవచ్చని కార్డు వచ్చింది. కార్డు వచ్చింది కానీ పని రాలేదు. అప్లై చేసిన ప్రతిచోటా ఈ ఏడేళ్ళూ ఏం చేశారని అడగడం, చెబితే ‘చింతిస్తున్నాం’ అని మెయిల్ పెట్టడం. ఆఖరికి డాలస్‌లో ఒక చిన్న గేమ్ కంపెనీ మాత్రం ఏమీ అడక్కుండా టెస్ట్ పంపింది. కంప్యూటర్లో రెండు బొమ్మలు గీయాలి. ఒకటి రోజూ వేసుకునే మామూలు బట్టల్లో ఉన్న మనిషి. రెండోది ఎక్కడా కనబడని వింత బట్టల్లో ఉన్న మనిషి. కింద ఒక్క మాట కూడా రాయకూడదు, ఏది ఏదో బొమ్మే చెప్పాలి. వారం గడువు. ఈ ఉద్యోగం కూడా రాకపోతే గీసే ట్యాబ్లెట్ తీసుకెళ్ళి అటక మీద పడేస్తానని మా ఆయనతో చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ, నేను నమ్మాను.

సరే, జీన్స్, టీషర్ట్ గీశాను. మూడు రోజులు కష్టపడితే బాత్రూం తలుపు మీద అంటించే మనిషి బొమ్మలాంటిది తయారైంది. ఆ మనిషికి ఇల్లుందో లేదో, పొద్దున ఏం తిందో ఏమీ తెలియడం లేదు. ఒళ్ళు మండి మొత్తం చెరిపేశాను.

నాలుగోరోజు మధ్యాహ్నం బెల్ మోగింది. వెళ్ళి డెలివరీ అట్టపెట్టె తీసుకుని వంటింట్లోకి వస్తుంటే ఓవెన్ అద్దంలో ఒక మనిషి కనబడింది. పువ్వుల నైటీ. దాని మీద మా ఆయనకి ఏదో కాన్ఫరెన్స్‌లో ఊరికే ఇచ్చిన హుడీ, గుండెల మీద పేద్ద లోగో. హుడీ మీద అడ్డంగా చున్నీ. కాళ్ళకి మేజోళ్ళు, వాటి మీదే హవాయి చెప్పులు, బొటనవేలు పక్కన మేజోడు లోపలికి నొక్కుకుపోయి. చేతికి కొత్తిమీర కట్టల రబ్బరు బ్యాండ్లు. మెడలో నల్లపూసల గొలుసుకి వేలాడుతున్న మూడు పిన్నీసులు. పక్కింటికి వెళ్ళినా, బస్‌స్టాప్‌లో పాప కోసం నిలబడినా, ఏడేళ్ళుగా నేను ఉన్నది ఇలాగే. మామూలు బట్టలంటే ఇవి కాకపోతే ఇంకేమిటి?

చున్నీ గురించి ఒక మాట చెప్పాలి. మన చెయ్యి బెల్ మోగగానే ముందు చున్నీ కోసం వెళుతుంది, తర్వాత తాళం కోసం. నా బెల్ చున్నీ డైనింగ్ కుర్చీ వీపు మీద ఉంటుంది. హుడీ మెడ దాకా జిప్ వేసుకుని ఉన్నా సరే, దాని మీద చున్నీ పడాల్సిందే. ఎందుకమ్మా అని చిన్నప్పుడు మా అమ్మని అడిగాను. “బాగుండదు” అంది. అంతకు మించి ఆవిడకీ తెలీదు.

ఆ ఓవెన్ మనిషిని రెండు రోజుల్లో గీసేశాను. పువ్వుల్లో వెలిసిపోయినవి ఏవో, వెలవనివి ఏవో కూడా గీశాను. స్కూల్ నుంచి వచ్చిన పాప స్క్రీన్ చూసి, “అమ్మా, నువ్వు” అని, ఆపిల్ ముక్కలు తీసుకుని వెళ్ళిపోయింది. వింతగా ఏమీ చూడలేదు. అదీ నాకు కావలసింది.

రెండోది ఇంకా తేలిక. మా ఎదురింటాయన ఉన్నాడు. కిందటి చలికాలం రోడ్డంతా మంచుగడ్డ కట్టి ఊరు ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంటే, ఆయన నిక్కరు వేసుకుని, కాళ్ళకి ఏమీ లేకుండా, తలకి మాత్రం ఉన్ని టోపీ పెట్టుకుని, చేతిలో బకెట్టంత కాఫీ కప్పుతో మెయిల్ బాక్స్ దాకా నడిచి వెళ్ళాడు. తిరిగి వస్తూ నాకు చెయ్యి కూడా ఊపాడు. కిరీటాలు గీసిన దాన్ని నేను, అంత వింత వేషం నా సర్వీసులో చూడలేదు. ఆయన్ని అలాగే గీసి, మొదటి బొమ్మ మామూలుది, రెండోది వింతది అనుకుని పంపించేశాను.

వారానికి ఇంటర్వ్యూ అని పిలుపొచ్చింది, వీడియోలో. ఏడేళ్ళ కింద కొన్న నల్ల బ్లేజర్ ఇస్త్రీ చేసుకున్నాను. కింద నైటీయే. మా ఇంట్లో అది ఆచారం. పైన కాలరు చొక్కా, కింద లుంగీతో మా ఆయన ఎన్ని సాఫ్ట్‌వేర్ రిలీజులు చేయించాడో ఆయన కంపెనీకి తెలిస్తే గుండె ఆగిపోతుంది.

స్క్రీన్ మీద ఇద్దరు వచ్చారు. ఒకావిడ బొమ్మల డిపార్ట్‌మెంట్‌కి హెడ్. పక్కన గడ్డమాయన గేముకి కథ రాసే మనిషి. వాళ్ళు ఇంగ్లీషులో అన్నది నా తెలుగులో చెబుతాను.

“మీ మామూలు బట్టల మనిషి చాలా సహజంగా ఉన్నాడు. మా మావయ్య అచ్చం ఇలాగే ఉంటాడు” అంది ఆవిడ, ఎదురింటాయన బొమ్మ చూపిస్తూ.

నేను వింతదని పంపింది అది.

“కానీ మేము మిమ్మల్ని పిలిచింది ఈమె కోసం” అని నా నైటీని స్క్రీన్ నిండా పరిచింది. “ఇలాంటి వింత ఊహ మాకు ఇంతవరకూ ఎవరూ పంపలేదు.”

నోరు తెరిచి, అమ్మా తల్లీ, తారుమారు చేశారు అని చెప్పాలి. చెబితే టెస్ట్ తప్పినట్టే. మామూలు బట్టలు గీయమంటే గీయలేని మనిషిని ఎవరు పెట్టుకుంటారు? ట్యాబ్లెట్ అటక మెట్లెక్కుతున్నట్టు కనబడింది. నోరు మూసుకున్నాను.

గడ్డమాయన పుస్తకం తీశాడు. “ఈ మూడు లోహపు ముక్కలు ఏమిటి? గెలిచిన యుద్ధాలా?”

“పిన్నీసులు. అవసరానికి ఉంటాయని.”

“అవసరానికి” అని రాసుకున్నాడు. “ఎలాంటి అవసరం?”

“ఎప్పుడు ఏది ఊడుతుందో తెలీదు కదండీ.”

ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది.

“ఈ అడ్డంగా వేసిన వస్త్రం? ఇది ఎప్పుడూ ఉంటుందా?”

“లేదు. ఎవరైనా తలుపు దగ్గరికి వస్తేనే వేసుకుంటాం.”

“వేసుకోకపోతే ఏమవుతుంది?”

ఏమవుతుంది? నేను మా అమ్మ మొహం గుర్తు చేసుకున్నాను. “బాగుండదు” అన్నాను.

గడ్డమాయన ఆ ఒక్క మాట పేజీ మధ్యలో రాసి చుట్టూ గీత గీశాడు.

సరిగ్గా అప్పుడు బెల్ మోగింది. ఒట్టు, నేనేమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే కుర్చీ మీదికి వెళ్ళి చున్నీ లాగి బ్లేజర్ మీద వేసేసింది. లేచి నిలబడ్డాను. నడిచి వెళ్ళాను. పక్కింటావిడ మా పెట్టె పొరపాటున వాళ్ళింట్లో వేశారని తెచ్చింది. థాంక్యూ చెప్పి, తలుపు వేసి, వెనక్కి తిరిగి చూస్తే ల్యాప్‌టాప్ కెమెరా నన్నే చూస్తోంది. బ్లేజరూ, నైటీ, చున్నీ, మేజోళ్ళూ, హవాయి చెప్పులూ, అన్నీ.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వచ్చి కూర్చున్నాను. అవతల ఇద్దరూ స్క్రీన్ మీదికి వంగి చూస్తున్నారు.

“మీరు ఆ పాత్రలాగే తయారై వచ్చారు” అంది ఆవిడ మెల్లిగా. “బెల్ కూడా ఏర్పాటు చేశారు.”

ఇక దాచి ఏం లాభం? పోతే పోయిందని చెప్పేశాను. “చూడండి, ఇది పాత్ర కాదు. నేను రోజూ ఇలాగే ఉంటాను. నేను పంపిన మామూలు బట్టలు ఇవే. వింతది ఆ నిక్కరాయన.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు. “ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు” అన్నాడు గడ్డమాయన, చాలా గౌరవంగా.

నిజం చెప్పాను, ఇక నా తప్పేం లేదు. ఉద్యోగం వచ్చింది. వింత బట్టల విభాగంలో.

మా ఆయనకి చెబితే ఈసారి మ్యూట్ పెట్టుకోవడం మరిచిపోయి నవ్వాడు. మీటింగ్‌లో అందరూ ఏమైందని అడిగారట. మా ఆవిడకి నైటీ వల్ల ఉద్యోగం వచ్చిందని చెప్పలేక, దగ్గు అన్నాడట.

చేరేరోజు ఆ డ్రెస్ కూడా తెండి అని మెయిల్ పెట్టారు. పొద్దున్నే జీన్స్, టీషర్ట్ వేసుకుని, నైటీ, హుడీ, చున్నీ, చెప్పులూ ఇండియన్ షాపు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. కొత్త ఫారంలో వృత్తి గడిలో ఆర్టిస్ట్ అని రాశాను. పెన్ను నొక్కకుండా, నెమ్మదిగా రాశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ఇంటర్వ్యూ చేసిన ఆవిడ వచ్చి నన్ను చూసి, “అయ్యో, మామూలు బట్టల్లో వచ్చారే” అని చిన్నబుచ్చుకుంది.

బాత్రూంలోకి వెళ్ళి నైటీలోకి మారాను. హాలు మధ్యలో నిలబెట్టారు. చుట్టూ ఆరుగురు కుర్రవాళ్ళు కూర్చుని మడతలు గీసుకున్నారు. ఒకడు ఫోన్‌లో బెల్ మోగిస్తాడు, నేను చున్నీ వేసుకోవాలి. మళ్ళీ మోగిస్తాడు, మళ్ళీ వేసుకోవాలి. చున్నీ ఒక్కోసారి ఒక్కోలా పడుతోందని ఒకడి కంప్లయింట్. “నాయనా, అది ఎప్పుడూ ఒకేలా పడితే నేను ఇంకా కాస్త త్వరగా తలుపు తీసేదాన్ని” అన్నాను. అదీ రాసుకున్నారు. గొలుసు కూడా ఇమ్మన్నారు. ప్రాణం పోయినా ఇవ్వనని చెప్పి పిన్నీసులు తీసి చేతిలో పెట్టాను.

సాయంత్రం బయల్దేరుతుంటే ఆ బట్టలన్నీ ఒక బట్టల కొట్టు బొమ్మకి తొడిగించారు. “గేమ్ అయ్యేదాకా ఇక్కడే ఉంచండి” అంది ఆవిడ. చున్నీని తనే వేసింది, కుడి నుంచి ఎడమకి. అటు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాను. అలమరాలో ఇంకా మూడు నైటీలున్నాయి, కానీ రోజంతా నైటీలో ఉద్యోగం చేసి వచ్చి మళ్ళీ నైటీ వేసుకోవాలంటే ఓవర్‌టైమ్ చేసినట్టు అనిపించింది. జీన్స్, టీషర్ట్‌లోనే స్టవ్ ముందు నిలబడ్డాను. పాప వచ్చి పైకీ కిందకీ చూసి, “అమ్మా, ఎవరింటికి వెళ్తున్నాం?” అంది.

అప్పుడు బెల్ మోగింది.

చెయ్యి కుర్చీ వీపు మీదికి వెళ్ళింది. చెక్క తగిలింది. ఇంకోవైపు తడిమాను, అటూ లేదు. కాలరు దగ్గర్నుంచి కాలి మడమ దాకా గుడ్డ కప్పుకుని ఉన్నాను, అయినా వంటింటి గుమ్మం దాటలేకపోయాను. ఒంటి మీద ఏమీ లేనట్టు ఉంది. ఏడేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం, మొదటి రోజే నా దగ్గర ఏం తీసేసుకుందో అప్పుడు తెలిసింది.

“మీరు వెళ్ళి తలుపు తీయండి” అన్నాను మా ఆయనతో.

“నువ్వే తీయొచ్చుగా. బట్టలు బాగానే ఉన్నాయి” అన్నాడు.

“బాగుండదు” అన్నాను.