నీలం గుడ్డ మీద అమ్మమ్మ

దసరా దగ్గరపడిందని ట్రంకుపెట్టె మూత తీస్తే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. చీరల అడుగున, నల్లగుడ్డలో చుట్టి, మా అమ్మమ్మ ఉంది.

నా చిన్నప్పుడు భిలాయి సెక్టర్ 6లో మాది కంపెనీ క్వార్టరు. నాన్న ఉక్కు ప్లాంటులో యంత్రాల నక్షాలకి నకళ్ళు తీసే గదిలో పనిచేసేవారు. అక్కడికి కొత్త మెషిను వచ్చాక, ఎండలో పెట్టి నీలం నకళ్ళు తీసే పాత మందులకి పనిలేకుండా పోయింది. మిగిలినవి అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. అమ్మ దగ్గర వాళ్ళమ్మ ఫొటో చెదలు తినేయగా, అరచెయ్యంత పాత నెగెటివ్ ఒక్కటే మిగిలింది. దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, ఆ నల్లమొహం, తెల్లజుట్టు చూసి, "ఇది మా అమ్మేటి?" అని మళ్ళీ దాచేసేది.

ఆ వేసవిలో, పెరడంతా వడియాల ఇంగువ వాసన కొడుతుంటే, నాన్న తన తెల్ల టెరికాటు చొక్కా వీపు కత్తిరించి, తలుపులు మూసిన గదిలో మందు పూసి ఆరబెట్టారు. దాని మీద నెగెటివ్, ఆపైన అద్దం పెట్టి, వడియాల పక్కనే ఎండలో ఉంచారు.

"ఏటండీ, మంచి చొక్కా పాడుసేసినారు!" అంది అమ్మ.

"మీ అమ్మకి కోకెట్టినాననుకోయే."

ప్లాస్టిక్ టబ్బు నీళ్ళలో జాడిస్తే మందు పసుపురంగంతా కరిగిపోయి, నీలంలోంచి ముందు ముక్కుపుడక, తర్వాత నుదురు, తర్వాత నవ్వీ నవ్వని పెదాలు తేలాయి. అమ్మ తడిచేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని, "ఇదేనే మీ అమ్మమ్మ" అంది.

ఫ్రేము కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించింది. పొద్దుటెండ సూటిగా పడేది. వానలొచ్చేసరికి మొహం వెలిసిపోయింది, ముక్కుపుడక కూడా కనపడలేదు. అమ్మ అన్నం మానేసింది.

"ఎండలోనే పుట్టించినారు, ఎండలోనే సంపీసినారు."

నాన్న ఫ్రేము దించి, ట్రంకుపెట్టెలో పెట్టి, "ఒగ్గీయే, కాసేపు పడుకోనీ" అన్నారు. తెలిసే పెట్టారో, అమ్మ కంటబడకూడదని పెట్టారో ఇప్పటికీ చెప్పలేను. దసరాకి పట్టుచీర కోసం పెట్టె తీసిన అమ్మ కెవ్వుమంది. చీకట్లో నీలం తిరిగొచ్చింది, ముక్కుపుడకతో సహా. ఎండకి వెలిసి, చీకట్లో తేరుకోవడం ఆ మందు గుణమట.

అప్పట్నుంచీ అది మా ఇంటి ఆనవాయితీ అయిపోయింది. ఏటా దసరాకి బూరెలు వేగుతుండగా అమ్మమ్మ గోడెక్కేది, వెలిసిపోగానే మళ్ళీ పెట్టెలో పడుకునేది. ఎదురింటి హిందీ భాభీ కూడా, అమ్మమ్మని తన భాషలోనే పిలుస్తూ, వచ్చీరాని తెలుగులో "నానీ లేచిందా?" అని అడిగేది.

ఇప్పుడా క్వార్టరు వేరేవాళ్ళది. నకళ్ళ గది లేదు, నాన్న లేరు, అమ్మా లేదు. వాళ్ళిద్దరూ స్టూడియోలో తీయించుకున్న రంగుల ఫొటో ఏటికేడు ఎర్రబడిపోతుంటే, పోయిన వేసవిలో అదీ తేరుకుంటుందేమోనని దాన్ని కూడా అమ్మమ్మ పక్కనే చీకట్లో పెట్టాను.

నల్లగుడ్డ విప్పాను. అమ్మమ్మ లేచింది. వాళ్ళిద్దరూ లేవలేదు.