మీ గ్లాసు

మా అక్క మార్త చేతులు ఎప్పుడూ మట్టివాసన వేసేవి. హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊరు. కాలవగట్టు మట్టి తెచ్చి, చేత్తోనే ఒత్తి గ్లాసులు చేసేది, ఊకలో పెట్టి కాల్చేది. సగం పగిలిపోయేవి. "పోనీలేవే, మిగిలినవి గట్టివి" అనేది. నాకంత ఓర్పు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. ఊళ్లో టీకొట్టు చూరులో మా పేటవాళ్లకని ఒక గ్లాసు వేరే దోపి ఉండేది. మా నాన్న ఏసుపాదం టీ అడిగితే "మీ గ్లాసు తీసుకో" అనేవాడు కొట్టాయన. నాన్న తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపేవాడు. ఆ జిడ్డు గ్లాసు చూసొచ్చిన రోజే అక్క మొదటిసారి మట్టి పిసికింది.

డెబ్బై నాలుగులో విజయవాడ వెళ్లి డ్రాయింగ్ స్కూల్లో చేరింది. గవర్నరుపేటలో ఓ మేడమీద గది. మిగతావాళ్లు ఇత్తడి చెంబూ, అరటిపళ్లూ ముందు పెట్టుకుని వేస్తుంటే, అక్క తన గ్లాసులే పేర్చుకుని వేసేది. రామకోటేశ్వరరావు మేష్టారు ఆ బొమ్మ చూసి మురిసిపోయారట. "కళకి కులమేంటమ్మా? నువ్వు మా ఇంటిపిల్లవి" అన్నారట. బస్సు దిగి పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఎంత పిచ్చిది! ఆ ఒక్క మాటకి కాళ్లు నేలమీద నిలవలేదు. ఆ బొమ్మా, అందులోని ఒక గ్లాసూ ఆయనకే ఇచ్చేసింది.

క్రిస్మస్‌కి అమ్మ వండిన అరిసెలు పట్టుకుని ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. మేష్టారు లేరు. ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు పొట్లం అరుగుమీద పెట్టమని, మమ్మల్నీ అక్కడే కూర్చోమన్నారు. తలుపులోంచి హాలు గోడమీద అక్క బొమ్మ కనబడింది. అద్దం కట్టించారు. "చూడవే" అని అక్క నన్ను గిల్లింది. అంత సంతోషం దాని మొహంలో నేను మళ్లీ చూడలేదు.

దాహమేసి మంచినీళ్లడిగింది. రాజ్యలక్ష్మిగారు చెంబుతో వచ్చి, అరుగు చివర గూడు చూపించారు.

"మీ గ్లాసు అక్కడుంది, తీసుకోమ్మా. తాగి, కడిగి బోర్లించు. దొడ్డి కడిగే మనిషి కూడా దాంతోనే తాగుతుంది."

ఆవిడ అబద్ధమేం చెప్పలేదు. అది మా గ్లాసే. అక్క చేసిందే, గోడమీద బొమ్మలో ఉన్నదే.

ఆవిడ ఎత్తి పోశారు, అక్క తాగింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పగలగొట్టక్కా" అన్నాను గొంతు తగ్గించి.

"గ్లాసేం చేసిందే పాపం?" అంది. కడిగి బోర్లించింది. బస్సులో కిటికీవైపు తిరిగి ఊరొచ్చేదాకా ఏడ్చింది.

ఇదంతా మేష్టారికి తెలియదంటారు కొందరు. తన అరుగుమీద ఏముందో తెలియడానికి ఆయనేమైనా చుట్టపుచూపుగా వచ్చాడా ఆ ఇంటికి?

అక్క తర్వాత ఏలూరులో డ్రాయింగ్ టీచరైంది. గ్లాసు ఎప్పుడు వేసినా బోర్లించే వేస్తుంది. వాటిలో మొదటిది ఆ సెలవులయ్యాక మేష్టారి క్లాసులోనే వేసింది. ఆయన వచ్చి అక్క వెనక నిలబడి చూశారట.

"నీడ భలే కుదిరిందమ్మా. కానీ గ్లాసు బోర్లించావేం? నిలబెట్టి వెయ్యాలి కదా?"

"మీ ఇంట్లో అలాగే పెట్టమన్నారండీ" అంది అక్క.