కప్పీ అక్క

దీవికి పడమటి ఒడ్డున, కొండను నిలువునా చీల్చినట్టు ఒక గండి ఉంది. కింద పడవలు ఆగుతాయి, పైన ఊరు. చేపల గంపలు పైకి రావాలంటే గండి అంచున బిగించిన కప్పీయే దిక్కు. దాని మోకు లాగే మనిషిని అందరూ కప్పీ అక్క అనేవారు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "నా చేతులు ఖాళీగా లేవమ్మా" అని నవ్వేసేది. తమ్ముడు పడవలు బాగుచేసే పనివాడయ్యాడు, పెళ్ళీ చేసుకున్నాడు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవారు.

ఆ ఏడు ముసురు విడవకుండా పట్టింది. తెరిపిచ్చిన పొద్దున పొరుగింటి మేకపిల్ల గండిలోకి జారి, సగంలో ఒక రాతి మీద ఇరుక్కుని ఒకటే అరుపు. తమ్ముడు మోకు నడుముకు కట్టుకున్నాడు.

"మట్టి నానిపోయిందిరా. రేపు చూద్దాం."

"అది అలా అరుస్తుంటే నీకు ముద్ద దిగుతుందా అక్కా? పట్టుకో, ఇట్టే వస్తా."

మేకపిల్లను అందుకుని పై రాతి మీదికి తోశాడు. అది గెంతుకుంటూ వచ్చేసింది. అంతలో అతని నెత్తిన గట్టు విరిగిపడింది. అక్క కాళ్ళు తన్నిపెట్టి ఆపబోయింది. మోకు కొసదాకా ఆమె అరచేతుల్లోంచి జారిపోయింది.

గండి అడుగున సముద్రపు నీళ్ళు వెనక్కి తగ్గాక పడవలవాళ్ళు అతన్ని మోసుకొచ్చారు.

"ఎలా వదిలేశావు వదినా? మోకు నీ చేతిలోనే ఉందిగా!" అని మరదలు గుండెలు బాదుకుంది.

అక్క చేతులు శాలువాలో దాచుకుంది.

కొన్నాళ్ళకు దుప్పట్లు ఉతకబోయిన మరదలికి నెత్తుటి మరకలు కనబడ్డాయి. వచ్చి శాలువా లాగింది. అరచేతుల్లో చర్మం లేదు. ఉన్ని పోగులు పుండుకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ముందే చూపించొచ్చుగా!"

"చూపిస్తే వాడొస్తాడా?"

మరదలు గోరువెచ్చని నీళ్ళతో ఒక్కో పోగూ తడిపి తీసింది. ఆ పని అయ్యేదాకా ఇద్దరూ ఏడవలేదు. అయ్యాక మాత్రం ఆపుకోవడం వాళ్ళ తరం కాలేదు.

తర్వాత మరదలికి అవతలి ఒడ్డున సంబంధం చూసింది కూడా అక్కే. వెళ్ళనని మొండికేస్తే, "నా ఎదురుగా కూర్చుని నువ్వు ముసలిదానివైతే నేను చూడలేనే" అని కసిరి పడవెక్కించింది.

అప్పటినుంచి వాన పడితే చాలు, గండి అంచున కాపు కాసేది. ఎవర్నీ దిగనిచ్చేది కాదు. ఒకసారి ఆమె కన్నుగప్పి దిగిన ఒక పడవవాడు క్షేమంగా పైకొస్తే, వాడి చెంప పగలగొట్టి, వాణ్ణే పట్టుకుని భోరున ఏడ్చింది.