పింగాణీ పన్నుకూ నల్లి బొక్కకూ పందెం

అయిదారేళ్ల కిందట ఒక్క అబద్ధంతో నా నోరు నేనే పాడుచేసుకున్న వైనం చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. కానీ తప్పంతా నాదే అంటే మాత్రం ఒప్పుకోను. సగం మా బావది.

రూట్ కెనాల్ చేయించుకున్న పై పన్నుకు సిరామిక్ క్యాప్ వేయించుకుంటానని చెప్పగానే, అల్వాల్‌లో ఉండే మా అక్క మొగుడు పకపకా నవ్వాడు.

"పింగాణీ పన్నా? చాయ్ కప్పు లెక్కనే పుటుక్కుమంటది మరదలా!"

"నీ పండ్లన్ని రాలినా ఇది పగలదు, చూస్కో బావా!"

మెట్టుగూడ బడిలో నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచర్ని. చాయ్ కప్పు మాటకు తగ్గుతానా?

రెజిమెంటల్ బజార్‌లోని డాక్టరమ్మ క్యాప్ తొడిగి, పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంది. "ఈడ మచ్చ పడ్డది మేడం. జెర ఎత్తున్నది, అరగదీస్తా."

"అరగదీస్తే బలం తగ్గదా?"

"ఏం తగ్గదు. పైదీ కిందిదీ సమానంగ కలవాలె కదా. మీకు ఎత్తుగ తగుల్తలేదా?"

తగులుతోంది. నోట్లో గులకరాయి ఉన్నట్టే ఉంది. అయినా బావ నవ్వు గుర్తొచ్చి, రవ్వంత కూడా అరగనివ్వకూడదనుకున్నాను.

"మంచిగ సరిపోయింది. అతికించేయండి."

ఆదివారం చర్చి అయ్యాక అక్కావాళ్లింట్లో భోజనం. నోరు మూస్తే ఆ క్యాప్ ఒక్కటే కింది పన్ను మీద కూర్చుంటోంది. మిగతా పళ్లన్నీ పని లేక ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అన్నం నమలడమే గగనమైపోతుంటే, బావ మటన్ కూరలోంచి ఏరికోరి నల్లి బొక్క నా పళ్లెంలో వేశాడు.

"కొరకొద్దే, లోపలి మూలగ పీల్చుకో, చాలు" అంది అక్క.

"చాయ్ కప్పుకు భయమైతున్నదేమో!" అన్నాడు బావ.

భయమా? నాకా? బొక్కను సరిగ్గా ఆ క్యాప్ కిందికే తోసి, ఉన్న బలమంతా పెట్టి కొరికాను. టప్పుమంది.

"పగిలింది!" బావ చప్పట్లు కొట్టాడు.

నేను తెల్లటి ముక్కొకటి అరచేతిలోకి తీసి, నోరు బార్లా తెరిచాను. ఇద్దరూ వంగి చూశారు. క్యాప్ చెక్కుచెదరలేదు.

"మరి ఈ ముక్క ఏడిదే?" అంది అక్క.

కింది పన్నుది. దేవుడిచ్చిన నా సొంత పన్నుది.

మర్నాడు డాక్టరమ్మ నిట్టూర్చింది. "క్యాప్ మస్తు గట్టిది మేడం. ఎత్తుండేసరికి దెబ్బంత కింది పన్ను మీదనే పడ్డది. ఇగ దానికి సుత క్యాప్ వెయ్యాలె."

అందుకే, మిగిలిన ముప్పై పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నీలం కాగితం కొరికి ఇంకెప్పుడూ అబద్ధమాడను. పందెం మాత్రం నేనే గెలిచాను. బావ ఆ సంగతి ఒప్పుకునేదాకా వాళ్లింట్లో బొక్కలు కొరుకుతూనే ఉంటాను. కాకపోతే, రెండో వైపున.